పరిపాలనా విభాగం వారి బొటనవేలు

మా ఊరి పెద్దాసుపత్రిలో డాక్టర్లు ఉన్నారా లేరా అన్న అనుమానం రోగులకి ఎప్పటినుంచో ఉంది గాని, ప్రభుత్వానికి మాత్రం ఈమధ్యనే వచ్చింది. రోగులకొచ్చిన అనుమానం రోగంతోపాటే పోతుంది. ప్రభుత్వానికొచ్చిన అనుమానానికి ఒక ఉత్తర్వు నంబరు పడుతుంది.

మాది ఒట్టి ఆసుపత్రి కాదు, బోధనాసుపత్రి. ఎం.బి.బి.ఎస్. ముగించి సర్జన్లు కాదలచిన పీజీ డాక్టర్లు మూడేళ్ళపాటు ఇక్కడే కత్తి పట్టడం నేర్చుకుంటారు. నేర్పవలసిన పెద్దలు ఆ వేళకి సొంత నర్సింగ్ హోముల్లో ఉంటున్నారనీ, పిల్లలు తమకి తోచినట్టు కోసుకుపోతున్నారనీ పైకి ఫిర్యాదులు వెళ్ళాయి. దాంతో వచ్చింది ఉత్తర్వు. ఇకమీదట ప్రతి ఆపరేషన్‌కీ డాక్టర్లు వేలిముద్రతో హాజరు వెయ్యాలి. కోత పెట్టేముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, కుట్లు పడ్డాక ఒకసారి. ఏ ఒక్కటి తప్పినా ఆ డాక్టరు ఆ ఆపరేషన్‌కి రానట్టే లెక్క. హాజరు చాలని పీజీని ఆఖరి పరీక్షకి కూర్చోనివ్వరు. యంత్రం 'శస్త్రచికిత్స జరుగు బల్లకు ఆరడుగుల లోపున' అమర్చవలెను.

నా పేరు కూర్మారావు. ఆ ఆసుపత్రి ఆఫీసులో హాజరు సెక్షన్ నాది. లోకంలో మనిషి మంచివాడా చెడ్డవాడా, తెలివైనవాడా మొద్దా అని తేల్చడం ఎవరివల్లా కాదు. వచ్చాడా రాలేదా అన్నది మాత్రం తేల్చవచ్చు. ఆ ఒక్క సంగతి తేల్చడానికే ప్రభుత్వం నన్ను పెట్టుకుంది. అందుచేత ఆ ఉత్తర్వు చదవగానే నాకు సొంత తమ్ముడికి ఉద్యోగం వచ్చినంత సంతోషం కలిగింది.

యంత్రం వచ్చిన రోజున దాని పెట్టెని నేనే స్వయంగా మోసుకెళ్ళాను. బ్యాటరీతో సహా ఉన్న పెట్టె కావడంతో ఎత్తేటప్పుడు గజ్జల్లో ఎక్కడో కలుక్కుమంది. సంతోషంలో పట్టించుకోలేదు. సూపరింటెండెంటు డాక్టర్ పరాంకుశం గారు ఆపరేషన్ థియేటర్ లోపలే యంత్రానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చారు. థియేటర్లోకి మేమంతా చెప్పులతోనే వెళ్ళాం గాని, యంత్రం దగ్గరికి వెళ్ళేముందు మాత్రం అందరం విడిచేశాం. బొట్టు పెట్టినదాని దగ్గర చెప్పులేమిటి?

యంత్రం లోపల ఒకావిడ గొంతు ఉంది. వేలు పెడితే "ధన్యవాదాలు" అంటుంది. గుర్తుపట్టకపోతే "క్షమించండి, మీరెవరో తెలియలేదు, మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది. గుర్తుపట్టనప్పుడు కూడా అంత మర్యాదగా మాట్లాడే మనిషి మా ఆఫీసులో ఇంకొకరు లేరు. థియేటర్‌కి ఒకటే యంత్రం మంజూరైంది గనక నర్సులు, వార్డు బాయ్‌లు, ఊడ్చేవాళ్ళు కూడా దానిమీదే వేలు పెట్టేవాళ్ళు. కంపెనీవాళ్ళు వెళుతూ వెళుతూ దానిపక్కన ఒక కాగితం అంటించిపోయారు. స్పిరిట్‌తో గాని, సబ్బునీటితో గాని తుడిచినచో గ్యారంటీ వర్తించదు.

మొదటివారంలోనే చిక్కొచ్చింది. సర్జరీలో ఆఖరి సంవత్సరం చదువుతున్న డాక్టర్ నాగావళి అనే అమ్మాయి ఉంది. పాలకొండ దగ్గర పిల్ల, సన్నగా ఉంటుంది, మాట నెమ్మది. పరీక్ష అయ్యాక కొండమీద పాడేరు వైపు ఆసుపత్రిలో చేరతానని, అక్కడ ఆపరేషన్ చేసే డాక్టరే లేరని అందరితోనూ చెబుతుండేది. ఆ అమ్మాయికి ఒక అలవాటు. ఆపరేషన్‌కి ముందు మోచేతులదాకా బ్రష్షు పెట్టి, గోళ్ళసందులతో సహా, చూసేవాడికి విసుగొచ్చేదాకా రుద్దుతుంది. అలా రుద్దగా రుద్దగా వేళ్ళు నానిన సెనగగింజల్లా ముడుచుకుపోయాయి. యంత్రంలో ఆవిడకి ఈవిడెవరో తెలియలేదు. మళ్ళీ ప్రయత్నించమంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా తెలియలేదు.

మధ్యలో వేసే హాజరు మరీ కష్టం. గ్లవ్ తియ్యాలి, అందరూ ముట్టుకున్న యంత్రం మీద వేలు నొక్కాలి, మళ్ళీ మొదటినుంచి చేతులు కడుక్కోవాలి. నాగావళి ఒకటిరెండుసార్లు అదీ చేసి చూసింది. ఆవిడ వెనక్కొచ్చేదాకా రోగి పొట్ట తెరుచుకుని అలాగే ఉండవలసివచ్చింది. ఆ తరవాత ఆ ప్రయత్నం మానేసి సరాసరి నా దగ్గరికొచ్చింది. యంత్రాన్ని తలుపు బయట, చేతులు కడుక్కునే తొట్టికి ఇవతల పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదని చెప్పింది. చెప్పిన మాట బాగానే ఉంది. కాని నేను టేపు తీసుకెళ్ళి కొలిచి చూపించాను. తలుపు బల్లకి ఆరడుగులకన్నా ఎక్కువ దూరంలో ఉంది. టేపు చూసి ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఈ చిక్కు విడదీసినవారు సర్జరీ ప్రొఫెసర్ డాక్టర్ దయానిధి గారు. ఆయన పీజీలందర్నీ నిలబెట్టి పాఠం చెప్పారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"మనిషికి వేళ్ళు పది. అందులో తొమ్మిది శస్త్రచికిత్స విభాగానివి. వాటిని మీ ఇష్టమొచ్చినంత కడుక్కోండి. కుడి బొటనవేలు మాత్రం పరిపాలనా విభాగానిది. పక్క శాఖవారి ఆస్తిలో మనం జోక్యం చేసుకోకూడదు."

ఆ రోజునుంచి మా థియేటర్లో తొమ్మిది వేళ్ళు కడగడం పద్ధతి అయింది. గ్లవ్వులకి కుడి బొటనవేలు తొడుగు కత్తిరించి తెప్పించారు. కొత్తగా చేరిన పీజీలకి కుడి బొటనవేలు పైకెత్తి, తడవకుండా చేతులు కడుక్కోవడం ప్రత్యేకంగా నేర్పేవారు. అందులో చెయ్యి తిరిగినవాడికి హాజరు నిండుగా ఉండేది. యంత్రంలో ఆవిడ పొద్దస్తమానం ధన్యవాదాలు చెబుతూనే ఉంది. మా ఆసుపత్రి హాజరులో రాష్ట్రంలోనే పైకి పోయింది. సూపరింటెండెంటు గారికి శాలువా కప్పారు. నాకూ ఒక జ్ఞాపిక ఇచ్చారు, అందులో గడియారం ఉంది గాని నడవదు.

డాక్టర్ నాగావళి ఒక్కతే పాత పద్ధతిలో పదివేళ్ళూ కడుక్కునేది. రోజూ వచ్చేది, రోజూ కోసేది, రోజూ కుట్లు వేసేది. నా లెక్కలో మాత్రం రోజూ రానట్టే పడేది. ఒకసారి పిలిచి మెల్లిగా చెప్పాను. ఇలాగైతే పరీక్ష పోతుందమ్మా, అందరూ చేస్తున్నదే కదా అన్నాను. విని నవ్వి ఊరుకుంది. అంత చదువుకున్న పిల్ల ఒక్క వేలి దగ్గర ఇంత మొండిపట్టు పట్టడమేమిటని నాకు ఒళ్ళు మండింది.

ఇలా ఉండగా సర్జరీ వార్డులో వాసన మొదలైంది. కుట్లు వేసినచోటల్లా ఎర్రబడి, ఉబ్బి, చీము పట్టడం. వారంలో ఇంటికెళ్ళవలసినవాళ్ళు నెలదాటినా మంచం దిగలేదు. మంచాలు చాలక వరండాలో చాపలు వేశారు. పత్రికలవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని ఫొటోలు తీశారు. పరాంకుశం గారు వెంటనే ఒక కమిటీ వేసి, దానికి తామే అధ్యక్షులయ్యారు.

కమిటీ మొదటి సమావేశం సుదీర్ఘంగా జరిగింది. అందరూ విదేశాలు చూసొచ్చిన డాక్టర్లు. అయినా చీము మాట రాగానే అందరికీ వాళ్ళ అమ్మమ్మలు గుర్తొచ్చినట్టున్నారు. సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. 'శస్త్రచికిత్సానంతర చీముకు రోగులు రహస్యముగా పప్పు భుజించుటయే ప్రధాన హేతువుగా కమిటీ ప్రాథమికముగా అభిప్రాయపడుచున్నది.' కోత కోసిన ఒంటికి పప్పు పెడితే చీము పడుతుందని మా ఆవిడ పెళ్ళయిన దగ్గరనుంచీ చెబుతోంది. ప్రభుత్వోత్తర్వుల్లో ఆవిడకి నచ్చింది ఇదొక్కటే.

ఆసుపత్రి వంటింట్లో పప్పు ఆగిపోయింది. గేటు దగ్గర కాపలావాళ్ళు జనం తెచ్చిన క్యారియర్ గిన్నెలు మూతలు తీసి వాసన చూసి పంపేవారు. సాంబారులో పప్పు ఎంతవరకు ఉండవచ్చునన్న దానిమీద చర్చ జరిగింది. ఇడ్లీలో మినప్పప్పు ఉందని ఎవరో పట్టించారు. మినప్పప్పు ఈ ఉత్తర్వు కిందికి వచ్చే పప్పేనా అని తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. అది తేల్చేదాకా రోగులకి ఇడ్లీ కూడా లేదు. బక్కచిక్కినవాళ్ళు మరింత చిక్కారు. చీము మాత్రం తగ్గలేదు.

ఒకనాడు వరండాలోంచి వెళుతుంటే అప్పలనర్సమ్మ అనే ముసలావిడ పిలిచింది. భీమిలి వైపు చేపలమ్ముకునే మనిషి. అపెండిక్స్ ఆపరేషనై కుట్లు విప్పుకుపోయి, చీరకొంగుతో పుండు మీద ఈగలు తోలుకుంటోంది. నన్ను పెద్ద డాక్టరనుకుంది.

"నాను పప్పు ముట్టనేదు బాబూ. మా ఇంట్ల చేపలే గాని పప్పెక్కడిది? నా మీద రాసీకండి."

ఒంట్లో కుళ్ళుతున్న పుండు పెట్టుకుని, తప్పు తనది కాదని నాలాంటివాణ్ణి బతిమాలుకుంటోంది. ఆ మాటకి నాకు సిగ్గేసింది, భయం కూడా వేసింది. ఎందుకంటే అప్పటికే నా గజ్జల్లో కలుక్కుమన్నది నిమ్మకాయంత ఉబ్బింది. హెర్నియా అన్నారు, కొయ్యాల్సిందే అన్నారు.

కమిటీ రెండో సమావేశానికి గణాంకాలు తయారుచెయ్యమని కాలేజీ నుంచి ఒక లెక్చరర్‌ని పిలిపించారు. ఆయన బుద్ధిమంతుడు, ఇచ్చిన అంకెలు వేసి చూపించడం తప్ప ఎందుకు ఏమిటని అడగడు. నా హాజరు లెక్కలూ వార్డులో చీము లెక్కలూ పక్కపక్కన పెట్టాడు. తెరమీద రెండు స్తంభాలు లేచాయి. డాక్టరు హాజరైన ఆపరేషన్లలో చీము విపరీతంగా ఉంది. డాక్టరు గైర్హాజరైన ఆపరేషన్లలో చీము దాదాపు లేనేలేదు. గదిలో అందరూ ఆ స్తంభాలకేసి చూశారు. ఆ గైర్హాజరు స్తంభం మొత్తం ఒక్క మనిషిదని నాకు తెలుసు. చెబుదామని లేచాను కూడా. నేను కమిటీ సభ్యుణ్ణి కాను, టీ వచ్చిందో లేదో చూసి రమ్మన్నారు.

నేను టీలు పట్టించుకుని వచ్చేసరికి తీర్మానం అయిపోయింది. పరాంకుశం గారు దాన్ని నిలబడి చదివారు.

"రోగక్షేమము దృష్ట్యా, వైద్యుల గైర్హాజరును ఈ ఆసుపత్రి అన్నివిధముల ప్రోత్సహించవలసియున్నది. అయితే శిక్షణా నియమావళి దృష్ట్యా, గైర్హాజరైన వైద్యులపై కఠినచర్య తీసుకొనబడును."

అందరూ చప్పట్లు కొట్టారు. ఒకే కాగితం మీద ఇటు రోగినీ అటు నియమావళినీ కాపాడారని దయానిధి గారు మెచ్చుకున్నారు. ఆ కాగితం నకళ్ళు తీసి అన్ని శాఖలకీ పంచడం నా వంతయింది.

ఇక నా ఆపరేషన్. ఆసుపత్రి మనిషిని గనక, ఎవరు కొయ్యాలో కోరుకునే అవకాశం ఇచ్చారు. దయానిధి గారు తామే స్వయంగా చేస్తామన్నారు. ఆయన కుడి బొటనవేలు చూశాను. నమస్కారం పెట్టి, మీకు శ్రమెందుకు సార్, పిల్లలకి నేర్చుకునే అవకాశం ఇద్దాం అని, నాగావళి పేరు చెప్పాను. పక్కన నిలబడి చూస్తానన్నారు.

కాని ఆ పిల్ల హాజరు నా చేతిలోనే ఉంది గదా. ఆ నెలాఖరుకి పరీక్షకి పంపే పేర్ల జాబితా ముగిస్తాం. యంత్రం రాకముందు పడ్డ హాజరుకి ఇంకొక్క ఆపరేషన్ కలిస్తే ఆవిడ గట్టెక్కుతుంది, పడకపోతే పరీక్ష పోతుంది. ఆ ఒక్కటీ నా ఆపరేషనే. ఆపరేషన్ బల్ల ఎక్కినా నా మనసు కుదుటపడలేదు. ఆవిడ వేలు కడుక్కుంటే ఆవిడ కొంపలు మునుగుతాయి, కడుక్కోకపోతే నావి.

వెన్నులో సూది ఇచ్చారు. నడుము కింద నేను లేను. పైన మాత్రం పూర్తిగా ఉన్నాను. నా గుండెలకి అడ్డంగా పచ్చగుడ్డ తెర కట్టారు. తెర అవతల కుళాయి పారడం, బ్రష్షు రుద్దడం వినిపించింది. తరవాత యంత్రంలో ఆవిడ గొంతు. క్షమించండి, మీరెవరో తెలియలేదు, మళ్ళీ ప్రయత్నించండి. నేను టెండరు పిలిచి, మోసుకొచ్చి, హారతి ఇప్పించిన గొంతు. మళ్ళీ కుళాయి పారింది. నాగావళి మరోసారి మొదటినుంచి చేతులు కడుక్కుంటోంది.

దయానిధి గారు ఓపిగ్గా నచ్చజెప్పారు. మూడేళ్ళ చదువు ఒక్క వేలికోసం పాడుచేసుకోవద్దన్నారు. ఈసారికి ఆ వేలు ఒక్కటి వదిలెయ్యమన్నారు. కూర్మారావు మనవాడే, ఏమీ అనుకోడన్నారు.

తెర అవతల బ్రష్షు రుద్దడం ఆగలేదు. ఆ చప్పుడు వింటుంటే నా ముప్పయ్యేళ్ళ సర్వీసూ కళ్ళముందు తిరిగింది. ఎవరైనా రాకపోతే వాళ్ళని పట్టుకోవడమే నా బతుకు.

"అమ్మా, మీరు రాలేదనే అనుకోండి," అన్నాను పైకప్పుకేసి చూస్తూ.

"ఎప్పుడో అనుకున్నానండి. మీరు కదలకండి," అంది నాగావళి.

మధ్య హాజరు, ఆఖరి హాజరు కూడా ఎవరూ వెయ్యలేదు. దయానిధి గారు విసుక్కుని వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం తొందరపడకుండా కుట్లు వేసింది. వారానికి కుట్లు విప్పారు. చీము లేదు సరికదా, ఎర్రదనం కూడా లేదు. ఇంటికెళ్ళి ముద్దపప్పూ ఆవకాయా కలుపుకు తిన్నాను. మా ఆవిడ వారించింది గాని వినలేదు. ఆ పుండు పప్పుకి కూడా లొంగలేదు.

డ్యూటీలో చేరగానే నా బల్లమీద ఉన్న మొదటి పని, పరీక్షకి అర్హత లేనివారి పేర్లు టైపు చెయ్యడం. అందులో పేరు ఒక్కటే. టైపు చెయ్యకుండా నేనే ఒక కాగితం రాసి పైకి పెట్టాను. ఫలానా రోజున డాక్టర్ నాగావళి గారు హాజరయ్యారు, నాకు ఆపరేషన్ చేశారు, నేను సాక్షిని. హాజరు సెక్షన్ వాడే యంత్రాన్ని కాదని రాయడం మా ఆఫీసులో ఎన్నడూ జరగలేదు. మర్నాడే కమిటీ పిలిచింది.

నాగావళి ఒక పక్క నిలబడింది. నేను ఒక పక్క. పరాంకుశం గారు నా కాగితం చదివి, మీరు మత్తులో ఉన్నారు గదా అన్నారు. నడుము కిందే సార్, పైన తెలివిగానే ఉన్నానన్నాను. ఆయన కాసేపు ఆలోచించారు.

"ఆపరేషన్ జరిగింది నడుము కింద. కాబట్టి సంఘటనా స్థలంలో సాక్షి స్పృహలో లేరు," అన్నారు.

సభ్యులు తలలూపారు. నాకు కోపం నెత్తికెక్కింది. ఇంక మాటలతో పనిలేదని పంచె కాస్త సడలించి, గజ్జల పక్కన మచ్చ చూపించాను. ఇది ఎవరు కుట్టారో మీరే చెప్పండి అన్నాను. పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు సవరించుకుని, వంగి చాలాసేపు చూశారు. దయానిధి గారు కూడా వంగి చూశారు. సన్నటి గీత, జుట్టులో పాపిడంత. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ తెలుసు ఆ చెయ్యి ఎవరిదో. ఆ క్షణాన నాకు నిజంగా ఆశ పుట్టింది.

"వాపు లేదు. ఎర్రదనం లేదు. చీము లేదు," అని పరాంకుశం గారు గుమాస్తాతో రాయించారు. "కమిటీ ఇదివరకే ఆమోదించిన గణాంకాల ప్రకారం, ఇంత శుభ్రముగా మానిన గాయము వద్ద వైద్యులెవరూ హాజరై ఉండుటకు అవకాశము లేదు. విన్నపము తిరస్కరించడమైనది."

నా మచ్చే ఆవిడకి ఎదురు సాక్ష్యం అయింది. అది కాస్త కుళ్ళి ఉంటే ఆ పిల్ల పరీక్ష రాసేది. అదనంగా, డాక్టరు లేని ఆపరేషన్ జరిగినట్టు కాదు గనక, ఆ వారం నేను ఆఫీసుకి ఎందుకు రాలేదో సంజాయిషీ ఇమ్మన్నారు. అది నేను లెక్కచెయ్యలేదు. నాగావళి కళ్ళు తుడుచుకోవడం చూసి మాత్రం తల దించుకున్నాను. ఆవిడ శిక్షణ ఇంకో ఆర్నెల్లు పొడిగించారు. పాడేరు వైపు వాళ్ళు ఆర్నెల్లు డాక్టరు లేకుండా ఉండాలి. వాళ్ళకి ఎలాగూ అలవాటేనని కమిటీలో ఒకరు అన్నారు.

బయటికొచ్చి వరండాలో నడుస్తున్నాం. వెనకనుంచి చెప్పుల చప్పుడైంది. పరాంకుశం గారు గబగబా వస్తున్నారు. అటూ ఇటూ చూసి, నన్ను చూసి కాస్త తటపటాయించి, నాగావళి దగ్గరగా వచ్చి గొంతు తగ్గించారు.

"అమ్మా, నాకు గాల్ బ్లాడర్‌లో రాళ్ళున్నాయి. వచ్చే వారం తీసెయ్యాలంటున్నారు. ఆ రోజు నువ్వు కాస్త ఆబ్సెంట్ అవుతావా?"

నాగావళి ఆయనకేసి శాంతంగా చూసింది.

"వచ్చే వారం కుదరదండి. దయానిధి గారు అడిగారు, వాళ్ళ అత్తగారికి. కమిటీలో మిగతావాళ్ళు కూడా ముందే చెప్పిపెట్టుకున్నారు. మీది ఆ తరవాత చూస్తాను."

ఆయన సరేనన్నట్టు తలూపి, కృతజ్ఞతగా రెండుచేతులూ జోడించారు. థియేటర్లోంచి పిలుపొచ్చింది. అప్పలనర్సమ్మకి కుట్లు మళ్ళీ వెయ్యాలట. నాగావళి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.